ఎర్ర సూది

4 ఆగస్టు 2025, సోమవారం

ఇది ల్యాబ్ నోట్‌బుక్‌లో రాయొద్దన్నారు సర్. అందుకే కాశిబుగ్గ చౌరస్తాలో ఈ లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ల్యాబ్ పుస్తకానికి పేజీ నంబర్లుంటాయి, ఒక్క కాగితం చింపినా తెలిసిపోతుంది. దీనికి నంబర్లు లేవు. చింపాలనిపిస్తే చింపుకోవచ్చు.

సంగతి ఇది. మా జూనియర్ సౌమ్య నా పాత ప్రయోగాన్ని మొదటినుంచి మళ్లీ చేసింది. కొత్త ప్రాజెక్టుకు అదే పునాది కాబట్టి సర్ చేయమన్నారు. చివరికి నా థీసిస్‌లోని నాలుగో బొమ్మ లాంటిదే రావాలి. ఎడమపక్క క్యాన్సర్ సెల్స్ ఎర్రగా వెలగాలి, కుడిపక్క మామూలు సెల్స్ చీకటిగా ఉండాలి. ఎరుపు ఉన్నచోట మందు అందినట్టు, చీకటి ఉన్నచోట అందనట్టు. నా ఆరేళ్ల చదువంతా ఆ ఒక్క బొమ్మే. దాంతోనే పేపర్ అచ్చయింది, దాంతోనే సర్‌కు ప్రాజెక్టు వచ్చింది, దాంతోనే వచ్చే నెల నా వైవా.

సౌమ్య తీసిన బొమ్మలో రెండు పక్కలా చీకటే.

"నేనేమన్న తప్పు చేసిన్నా అక్కా?" అని అడిగింది. కళ్లలో నీళ్లు. లేదు లేదని బుజ్జగించాను కానీ లోపల బాగానే తిట్టుకున్నాను. ఇంతలో మా గైడ్ రాజేశ్వర్ రావు సర్ వచ్చి స్క్రీన్ చూశారు, గడ్డం గోక్కున్నారు. "ఇది రికార్డ్‌ల ఎక్కియ్యకమ్మా వాసంతీ. ఒక్కసారి రానంత మాత్రాన నోట్‌బుక్ ఎందుకు ఖరాబ్ చేసుకోవాలె? వైవా ముందర పెట్టుకొని" అన్నారు.

నిజమే కదా. ఒక్కసారే కదా.

5 ఆగస్టు

సౌమ్య చెయ్యి ఇంకా కుదరలేదు. అంతే.

7 ఆగస్టు, గురువారం

పక్కన నిలబడి చేయించాను. రెండూ చీకటే.

బాపు చేనేత దినోత్సవం సభకు పోయి శాలువా కప్పించుకొని వచ్చాడు. నలభై ఏళ్లుగా సొసైటీ షెడ్డులో జంపఖానాల నూలుకు రంగులద్దుతున్నందుకు సన్మానం. శాలువాను కవర్లోంచి తీయకుండానే బీరువాలో పెట్టి, "గిది నీ వైవా నాడు మీ సారుకు కప్పుదాం. మల్ల కొత్తది ఎందుకు?" అన్నాడు. చాలా రోజులకు నవ్వాను.

9 ఆగస్టు, శనివారం, రాఖీ పున్నం

నెక్కొండ నుంచి పొద్దుటి బండికి సమ్మత్త వచ్చింది. బాపు ముంజేతికి రాఖీ కట్టింది. తలకు చెంగు గట్టిగా చుట్టుకుంది. చెంగు కింద ఏమీ లేదని అందరికీ తెలుసు, ఎవరూ అటు చూడలేదు.

రొమ్ములో గడ్డ అని జూన్‌లో తేలింది. ముందు నాలుగు సూదులతో గడ్డను చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు దవాఖానలో. మూడు వారాలకొక సూది. రెండయ్యాయి. రెండింటికే గడ్డ సగానికి వచ్చిందని డాక్టర్ సంతోషపడ్డాడు కూడా.

అన్నాలు తింటుంటే, "పద్దెనిమిదో తారీఖు మూడోది కదా అత్తమ్మా, ఆ రోజు నేను వస్తా దవాఖానకు" అన్నాను.

"నేను పోను బిడ్డా" అంది.

"పోను అంటే?"

"గా ఎర్ర సూది నాతోని గాదు. రెండింటికే నెత్తి బోడైపాయె. నోరంత పుండ్లు. అన్నం ముద్ద పెట్టుకుంటే నిప్పు పెట్టుకున్నట్టైతాంది. నీ మందు అచ్చినంక గదే ఏసుకుంట. గదే మందు గదా, నువ్వే చెప్పినవ్."

బాపు అందుకున్నాడు: "అచ్చే నెల దీనికి డాక్టర్ పట్టా ఇత్తరక్కా. ఇంకెంత దూరం."

నేను అత్త పళ్లెంలో ఇంకాస్త పెరుగు వేశాను.

నేనే చెప్పాను. జులై ఏడున, మొదటి సూది రోజు, మంచం పక్కన కూర్చొని. నర్స్ ఎర్రటి సిరంజీ తెస్తే అత్త జడిసిపోయి "నెత్తురెక్కిత్తరా?" అంది. భయం పోగొడదామని ఫోన్ తీశాను. ఇదే మందు మా ల్యాబ్‌లో ఉంటుందని చెప్పాను. ఈ సూది ఒళ్లంతా తిరుగుతుంది, చెడ్డ సెల్‌నూ కొడుతుంది, మంచి సెల్‌నూ కొడుతుంది, అందుకే జుట్టు ఊడుతుంది. మేము ఇదే మందును కంటికి కనపడనంత చిన్న ఇనుప రజను మీద ఎక్కిస్తాం. ఆ రజనుకు ఒక అడ్రస్ చీటీ అంటిస్తాం. ఆ చీటీ చూస్తే క్యాన్సర్ సెల్ ఒక్కటే తలుపు తీస్తుంది. పైగా మందు ఎర్రగా వెలుగుతుంది కాబట్టి ఎక్కడికి పోయిందో మైక్రోస్కోప్‌లో కనపడుతుంది. బండీ అదే, అడ్రసూ అదే, సరుకూ అదే, లైటూ అదే. ఇట్లా ఊరించి ఊరించి చెప్పి నాలుగో బొమ్మ చూపించాను. "ఇగో, ఎర్రగున్నవి చెడ్డవి. చీకట్లున్నవి మంచివి, వాటిని మందు ముట్టనే లేదు."

అత్త ఫోన్‌ను చాలాసేపు పట్టుకుంది. చదువు రాని మనిషికి అంత బాగా అర్థమయ్యేట్టు చెప్పానని ఆ రోజంతా మురిసిపోయాను.

ఇవాళ మాత్రం, "ఆ మందు రావడానికి చాలా టైమ్ పడుతుంది అత్తమ్మా" అని మాత్రమే అన్నాను. "పట్టనియ్యి, నేనేడికి పోతాన?" అంది.

13 ఆగస్టు, బుధవారం

సౌమ్యను ఇంటికి పంపేసి నా చేత్తో నేనే చేశాను. రెండూ చీకటే.

అప్పుడు పాత నోట్‌బుక్ తీశాను. నాలుగో బొమ్మ తీసిన రోజు పేజీ.

మందు ఎక్కించాక పార్టికల్స్‌ను కడగాలి. ట్యూబ్ పక్కన అయస్కాంతం పెడితే అవి గోడకు అంటుకుంటాయి, పైన తేలిన నీళ్లు వంచేసి కొత్త నీళ్లు పోస్తాం. అది ఒక కడుగు. పైపైన అంటుకున్న మందు ఈ నీళ్లలో పోతుంది, నిజంగా ఎక్కింది మిగులుతుంది. క్యాన్సర్ సెల్స్ ప్లేట్‌కు నేను మూడు కడుగులే కడిగాను. నీళ్లు ఇంకా కాస్త గులాబీగా ఉన్నాయని నా చేత్తోనే రాసి ఉంది. ఆ రోజు మామూలు సెల్స్ ప్లేట్ ఇంకా తయారు కాలేదు. మర్నాడు మిగిలిన పార్టికల్స్‌నే ఇంకో మూడుసార్లు కడిగి దానికి వేశాను.

ఒకదానికి మూడు. ఇంకోదానికి ఆరు. ఇప్పుడు సౌమ్యా, నేనూ పద్ధతి ప్రకారం రెండింటికీ ఆరేసి కడిగాం.

మధ్యాహ్నం రెండింటికీ మూడేసి కడిగి వేశాను. రెండూ ఎర్రగా వెలిగాయి. చీటీ లేదు, తలుపు లేదు. ఊడిపోయిన మందు నీళ్లలో కలిసి దొరికిన సెల్‌లోకల్లా పోయింది. అది దవాఖాన సూది చేసే పనే. దానికి ఆరేళ్లు అక్కర్లేదు.

ఒకటి మాత్రం రాసుకోవాలి. ఇది నేను కావాలని చేసింది కాదు. ప్లేట్ తయారు కాకపోతే నేనేం చేస్తాను? బొమ్మ బాగా వచ్చింది. బాగా వచ్చినదాన్ని ఎందుకు బాగా వచ్చావని ఎవరూ అడగరు.

నేను అడగలేదు.

16 ఆగస్టు, శనివారం

బాపుకు చెప్పాను. చెప్పాలనుకొని పోలేదు. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి సొసైటీ షెడ్డుకు పోతే, అప్పుడే ఎర్ర నూలు చిలపను వేడినీళ్లలోంచి తీసి తన తెల్ల తువ్వాలలో చుట్టి పిండుతున్నాడు. తువ్వాలకు మరక అంటలేదు. అంటితే మళ్లీ కడుగుతాడు, ఎన్నిసార్లయినా సరే. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే. అది చూస్తూ నిలబడే సరికి ఏడుపు ఆగలేదు.

అంతా విని, "అంటే మీ మందు వట్టలే అన్నట్టు. పైపైన అంటుకున్నది" అన్నాడు.

"అవును బాపూ."

"నా బిడ్డవయ్యి నువ్వు గిట్ల కడిగినవా?"

కోపంగా కూడా అనలేదు. కొట్టినా బాగుండేది.

చిలపను ఇంకోసారి పిండి, "అక్కకు చెప్పినవా?" అన్నాడు.

"నువ్వు చెప్తావా?"

చిలపను దండెం మీద ఆరేస్తూ అటు తిరిగాడు. "నేనెట్ల చెప్తనే. గల్లీ గల్లీ చెప్పుకొని తిరిగిన నా బిడ్డ మందు కనిపెట్టిందని. ఫ్లెక్సీకి ఫొటో గూడ ఇచ్చిన. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలె."

ఫ్లెక్సీ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

17 ఆగస్టు

రేపు సూది. ఇవాళ ఫోన్ చేసి చెప్పేస్తాను.

18 ఆగస్టు, సోమవారం

చేయలేదు. పొద్దున అత్త కొడుకు బాలరాజు బావే చేశాడు. "అమ్మ మంచం దిగుతలేదు వాసంతీ. ఆటో తెస్తే వాపస్ పంపిచ్చింది. నేను చెప్తే ఇంటలేదు. నువ్వు చెప్తే ఇంటది, నువ్వంటే పాణం" అని ఫోన్ ఆమెకిచ్చాడు.

"పోవాలె అత్తమ్మా. ఇట్లా మధ్యలో ఆపకూడదు."

"మరి నీ మందు రాదా?"

ఎదురుగా సౌమ్య కూర్చొని ఉంది. పక్క గదిలో సర్ ఉన్నారు.

"వస్తది. కానీ..."

"అత్తదంటివి గదా, సాలు. నువ్వు ఫికర్ చెయ్యకు. పరీచ్చ మంచిగ రాయి" అని పెట్టేసింది.

నేను అబద్ధం చెప్పలేదు. వస్తది అన్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చేసింది వస్తుంది. ఎప్పుడు అనేది నేను చెప్పలేదు.

21 ఆగస్టు

నేను అబద్ధం చెప్పలేదు.

25 ఆగస్టు, సోమవారం

సర్ దగ్గర తలుపు వేసి మాట్లాడాను. రెండు ప్లేట్ల బొమ్మలు, పాత పేజీ, అన్నీ బల్ల మీద పెట్టాను. సర్ అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. నాకు జ్వరమొస్తే వాళ్లావిడ నిర్మల మేడమ్‌తో ఇంటినుంచి చారన్నం పంపించిన మనిషి. ఆ మంచితనమే ఇప్పుడు గొంతు పట్టుకుంటోంది.

"నువ్వు కావాలని చేసినవా?"

"లేదు సర్."

"మరి? సైన్స్‌ల తప్పులైతయి. తర్వాతోళ్లు సరి చేస్తరు. సౌమ్య చేస్తది, రెండేళ్లల్ల ఇంకో పేపర్ వేస్తది, అండ్ల మెల్లగ చెప్తం. ఇప్పుడు థీసిస్ వాపస్ తీస్కుంటే ఏమైతదో తెలుసా? నీ గడువు మార్చ్‌లనే అయిపోయింది. మళ్ల సబ్మిట్ చెయ్యనియ్యరు. రిజిస్ట్రేషనే పోతది. ప్రాజెక్ట్ పోతది. ప్రాజెక్ట్ పోతే సౌమ్య ఫెలోషిప్ పోతది. ఆ పిల్ల ఏం పాపం చేసింది?"

"మా అత్తమ్మ ఇంజెక్షన్లు మానేసింది సర్. ఇది వస్తుందని ఆగింది."

సర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయ్యో. ఆమెను దవాఖానకు పొమ్మని చెప్పమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు. మందు రావడానికి పదేళ్లు పడ్తదని చెప్పు, అది నిజమే గదా."

చూడటానికి ఎంత సుళువుగా ఉందో. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. సర్ చెప్పింది వింటే రెండింటి మధ్యలో చక్కటి సిమెంటు రోడ్డు ఉన్నట్టు అనిపించింది.

సాయంత్రం ఫోన్ చేసి పదేళ్లు పడుతుందని చెప్పాను. "మీ సారుకు చెప్పి నాకొక్కదానికి ముందుగాల ఇప్పియ్యరాదు? నువ్వు చేసిందే గదా" అంది. ఇంత పలుకుబడి ఉన్న మేనకోడలు ఉండగా పదేళ్లు ఎవరికో కానీ తనకు కాదని ఆమె లెక్క. బొమ్మ చూసిన మనిషి. ఆ బొమ్మ అబద్ధమని చెబితే తప్ప ఆమె కదలదు. అది నాకు తెలుసు. ఫోన్ పెట్టేసే ముందు కూడా తెలుసు.

1 సెప్టెంబర్

వైవా పంతొమ్మిదిన. లెటర్ వచ్చింది.

4 సెప్టెంబర్

నా పాత నోట్‌బుక్ తిరగేసినట్టుంది, సౌమ్య నాతో మాట్లాడటం తగ్గించింది. ట్యూబులు కడుగుతూ, "అక్కా, నేను ఆరు కడగాల్నా, మూడు కడగాల్నా?" అని అడిగింది. వెక్కిరింపో, నిజంగా అడిగిందో తెలియలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నాకు ప్రతి మాటా నామీదే అనిపిస్తోంది. "నీ ఇష్టం" అన్నాను.

8 సెప్టెంబర్, సోమవారం

నాలుగో సూది రోజు. పోలేదు.

నోట్లో పుండ్లు మానాయట, కారం తింటోందట, నెత్తి మీద నూగు వస్తోందట. "మంచిగైతాన బిడ్డా" అంది. గొంతులో నిజంగానే సంతోషం. బావ వెనక నుంచి ఫోన్ లాక్కొని గొంతు తగ్గించి, "గడ్డ మల్ల గట్టిగైతాంది. చంకల గూడ చేతికి తాకుతాంది. నువ్వు జర అచ్చి చెప్పు" అన్నాడు.

వైవా అయిపోనీ. పదకొండు రోజులే. పదకొండు రోజుల్లో ఏమవుతుంది?

11 సెప్టెంబర్

ఎనిమిది రోజులు.

12 సెప్టెంబర్

సెల్స్ ఒక్కరోజులో రెండింతలవుతాయి. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ ఫ్లాస్కుల్లో చూసేదే. ఒంట్లో అంత తొందరగా పెరగవని పుస్తకంలో వెతికి చదువుకున్నాను. కాస్త ఊరటగా ఉంది. ఇట్లాంటి ఊరట వెతుక్కునేదాన్ని నేను.

19 సెప్టెంబర్, శుక్రవారం

అయిపోయింది.

మా దగ్గర వైవా అంటే సగం పరీక్ష, సగం పెళ్లి. ఇంటివాళ్లంతా వస్తారు, భోజనాలు మనమే పెట్టాలి, గైడ్‌కూ ఎగ్జామినర్‌కూ శాలువాలు కప్పాలి. బాపు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా సమ్మత్త నెక్కొండ నుంచి వచ్చింది, పట్టుచీరలో, తలకు చెంగు చుట్టుకొని. బావ పక్కన మొదటి వరసలో కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకొని కుడి చేత్తో పట్టుకొని ఉంది. ఆ చెయ్యి వాచింది. వేదిక మీది నుంచే కనపడింది.

నలభై నిమిషాలు మాట్లాడాను. నాలుగో బొమ్మ వచ్చినప్పుడు దాన్ని తొందరగా దాటేద్దామనుకున్నాను. ఎగ్జామినర్ ఆపారు. "బ్యూటిఫుల్ ఇమేజ్. ఒక్క నిమిషం ఉంచండి" అన్నారు. ఉంచాను. గోడంత ఎరుపు. అత్త బావ చెవిలో ఏదో చెప్పి నవ్వింది. ఆమెకు తెలిసిన బొమ్మ కదా.

ఎగ్జామినర్ అడిగినవన్నీ చెప్పాను. కడుగుల గురించి అడగలేదు. అడిగితే చెప్పేదాన్నని ఇక్కడ రాద్దామనుకున్నాను. రాయను, నాకు తెలియదు.

చివర్లో రివాజు ప్రకారం, సభలో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు అన్నారు. ఎవరూ అడగరు. అందరి చూపూ భోజనాల వైపే ఉంటుంది. అప్పుడు సమ్మత్త చెయ్యెత్తింది. బావ చీర పట్టి లాగుతున్నా లేచి నిలబడింది.

"సారూ, నాకు గదే బీమారి ఉన్నది. గా మందు నాకెప్పుడిత్తరు?"

హాలంతా ఒక్కసారి మెత్తబడిపోయింది. వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఎగ్జామినర్ చేతులు జోడించి, "ఇదమ్మా అసలైన ప్రశ్న. సమాజం కోసం పరిశోధన అంటే ఇదే" అన్నారు. సర్ నావైపు చూడకుండా లేచి, "తొందర్లనే అమ్మా, తొందర్లనే" అన్నారు.

అత్త సర్‌ను చూడలేదు. నన్నే చూస్తూ నిలబడింది. నేను చెబితేనే కూర్చుంటానన్నట్టు.

నేను తలూపాను.

అత్త కూర్చుంది. డాక్టర్ వాసంతి అని ప్రకటించారు. బాపు సర్‌కు శాలువా కప్పాడు. ఫొటోల్లో నేను నవ్వుతూనే ఉన్నానట, భోజనాల దగ్గర సౌమ్య చెప్పింది. తను తినకుండానే వెళ్లిపోయింది.

20 సెప్టెంబర్

తలూపాను. నోటితో ఏమీ అనలేదు. కానీ తలూపాను.

21 సెప్టెంబర్, ఆదివారం, ఎంగిలిపూల బతుకమ్మ

కాశిబుగ్గ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. గౌను, టోపీ ఎవరివో, మొహం నాది. కింద 'క్యాన్సర్‌కు మందు కనుగొన్న మన వాడ ఆడబిడ్డ' అని ఉంది. దానికిందే పిల్లలు తంగేడు పూలు అమ్ముతున్నారు. స్టేషన్‌కు పోతూ ఆ ఫ్లెక్సీ కింది నుంచే పోవాల్సి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా తల వంచుకొని పోయాను.

పోయే ముందు రెండు ఈమెయిళ్లు పంపాను. ఒకటి పేపర్ అచ్చువేసిన పత్రికకు, ఒకటి యూనివర్సిటీకి. మూడు కడుగులు, ఆరు కడుగులు, పాత పేజీ ఫొటోతో సహా. సర్ పేరు కూడా పెట్టాను. బండి కదిలేసరికి సర్ ఫోన్. ఎత్తాను. "నువ్వొక్కదానివి మునుగుతే మునుగు. సౌమ్యను ఎందుకు ముంచినవ్?" అన్నారు. సౌమ్యకు ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

నెక్కొండలో అత్త వాకిట్లో గునుగు పూలు కోసుకుంటూ కూర్చుంది. నన్ను చూసి, "డాక్టరమ్మ అచ్చింది" అని బావను కేకేసింది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"అత్తమ్మా, ఆ మందు లేదు. రాదు. ఆ బొమ్మ తప్పు. నేను సరిగ్గా కడగలేదు. మందు ఆ రజనుకు పట్టనే లేదు, పైపైన అంటుకొని ఊడిపోయింది. మంచిదానికీ చెడ్డదానికీ అది తేడా పట్టదు. నువ్వు దవాఖానకు పోవాలె. రేపే పోవాలె."

అత్త పూలు కోయడం ఆపలేదు.

"ఎప్పుడెరికైంది నీకు?"

"ఆగస్టుల."

"రాఖీకి ముంగటనా, ఎనకనా?"

"కొంచెం అప్పుడే అనుమానమొచ్చింది. తర్వాత నాలుగు రోజులకు రూఢి అయింది."

"మూడో సూదికి ముంగటనే."

"అవును."

"మీ సారుకెరికేనా?"

"ఎరికే."

"మొన్న సభల కనవడ్డ గా సౌమ్య పిల్లకు?"

"ఎరికే."

"సిద్దిరాములుకు?"

బాపు పేరు చెప్పకుండా ఉండాలనుకున్నాను. "చెప్పిన" అన్నాను.

"అంటే నాకొక్కదానికే ఎరికలేదన్నట్టు" అంది.

ఆ మాట మామూలుగానే అంది. పూల పళ్లెం పక్కన పెట్టి లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. నేను కాళ్ల మీద పడదామని, ఏడుద్దామని, ఏవేవో అనుకొని వచ్చాను. తలుపు ముందు నిలబడి ఏడ్చాను కానీ అది నాకోసం ఏడ్చిందే. బావ స్టేషన్‌లో దింపాడు.

22 సెప్టెంబర్, సోమవారం

బావతో దవాఖానకు వచ్చింది. నేను గేటు దగ్గర ఎదురుచూశాను. నన్ను దాటి లోపలికి పోయింది. రక్తం తీశారు, స్కాన్ తీశారు. డాక్టర్ మండిపడ్డాడు. సగానికి తగ్గిన గడ్డ మొదట ఉన్నదానికంటే పెద్దదైంది. చంకలో మూడు గడ్డలు. మెడ కింద ఒకటి, అదేంటో ఇంకా చూడాలట.

"ఎందుకు మానేసినవమ్మా? ఎవరు మానెయ్యమన్నరు?"

నేను నోరు తెరిచాను. అత్త నాకంటే ముందు అంది: "నాట్లుండె సారూ. తీరలే."

అత్తకు గుంట పొలం లేదు, ఈ ఏడు కూలికి కూడా పోలేదు. నన్ను కాపాడిందో, నాతో సంబంధం లేదని చెప్పిందో తెలియదు. "కాదు డాక్టర్, నా వల్లే. నేను తప్పు మాట చెప్పాను" అన్నాను. డాక్టర్ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం చదువుకున్నవ్?" అన్నాడు. చెప్పాను. కాగితం మీద రాసుకుంటున్న పెన్ను ఒక్క క్షణం ఆగింది.

23 సెప్టెంబర్

యూనివర్సిటీ నుంచి జవాబు. పట్టా ఆపారు. కమిటీ వేస్తారట. బాపు ఫ్లెక్సీ విప్పించాడు.

సౌమ్యకు మెసేజ్ పెట్టాను. చూసింది.

24 సెప్టెంబర్, బుధవారం

రక్తం రిపోర్టు బాగానే ఉంది, ఇవాళ సూది ఇచ్చారు. బావ మందుల చీటీ పట్టుకొని కిందికి పోతూ నన్ను మంచం దగ్గర కూర్చోమన్నాడు. అత్త కళ్లు మూసుకొని పడుకుంది. మూడు రోజులుగా నాతో మాట లేదు.

నర్స్ ట్రే తెచ్చింది. అదే ఎరుపు. సూది గుచ్చబోతుంటే అత్త కళ్లు తెరిచింది. సిరంజీని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇది మందేనా బిడ్డా?"

బిడ్డా అంది. "మందే అత్తమ్మా. ఇది నిజమైన మందు. దీనితోనే నీ గడ్డ సగం తగ్గింది" అన్నాను.

అత్త నేను చెప్పిందంతా విన్నది. విని, మొహం అటు తిప్పి నర్సును అడిగింది.

"నిజమేనా సిస్టరమ్మా?"